హుయేకు ఒక్క రాత్రి: వియత్నాం యాత్రలు నడిపేవారికి బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల నుంచి వియత్నాంకు సామూహిక యాత్రలు నడుపుతున్న పర్యాటక సంస్థల నిర్వాహకులకు,

వియత్నాం యాత్రల కరపత్రాల్లో హనోయి, హాలాంగ్ అఖాతం, డా నాంగ్, హోచిమిన్ సిటీ పేర్లు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుండగా, ఆ దేశానికి 1802 నుంచి 1945 వరకు రాజధానిగా ఉన్న హుయే నగరానికి మాత్రం, చోటంటూ దొరికితే, డా నాంగ్ బసకు తోకగా తగిలించిన 'పగటి యాత్ర' అన్న ఒక చిన్న పంక్తే దక్కుతున్నది. ఆ పంక్తిని ఒక రాత్రి, రెండు పగళ్లుగా పెంచవలసిందనీ, పెంచిన సమయంలో మరిన్ని చోట్లు చేర్చడానికి బదులు కొన్నింటిని తీసివేయవలసిందనీ కోరడానికే ఈ లేఖ. తీసివేయమనడం వ్యాపారానికి ఎదురీదే మాటగా మీకు తోచవచ్చు. ఎన్ని చోట్లు చూపిస్తే అంత విలువైన యాత్ర అనే లెక్కకు వినియోగదారులే అలవాటుపడ్డారన్నదీ నిజమే. అయినా హుయే విషయంలో ఆ లెక్క ఎందుకు తప్పుతుందో కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది.

ముందు గంటల సంగతి. డా నాంగ్ నుంచి హుయేకు రోడ్డు మార్గం సుమారు 100 కిలోమీటర్లు. హాయ్ వాన్ కనుమ కింద 2005లో తెరిచిన, ఆరు కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం గుండా వెళ్లినా, దారిలో టీకి ఒకసారి ఆగడం కలుపుకుంటే, పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర గంటలు పడుతుంది. హోటల్లో అల్పాహారం ముగించి, నలభై మందినీ లెక్కపెట్టుకొని, ఎనిమిదిన్నరకు కదిలిన బస్సు పదకొండుకు హుయే చేరి, ఒంటిగంటకు భోజనానికి ఆగి, నాలుగున్నరకు తిరుగుముఖం పట్టాలంటే ఆ నగరానికి మిగిలేవి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లోనే కోట, ఒక రాజసమాధి, ఒక పగోడా, వీలైతే ఒక అంగడి చూపించాలన్నప్పుడు గైడు చేతిలో జెండా పట్టుకొని పరుగు తీయక ఏం చేస్తాడు? పైగా డా నాంగ్ పక్కనున్న బా నా కొండల మీది వినోదకేంద్రానికి, అంటే 2018లో తెరిచిన, తంతివలకు ఫైబర్ గ్లాసు తొడిగి పాతరాతివిగా భ్రమింపజేసే చేతులు మోసే వంతెనకూ, దాని చుట్టూ కొత్తగా కట్టిన ఫ్రెంచి పల్లెకూ అదే పట్టికలో ఒక పూర్తి రోజు కేటాయిస్తున్నారు. పిల్లలు ఆ చోటును ఇష్టపడతారు కనుక దాన్ని మానమనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కాని పాతగా కనిపించేలా కట్టిన చోటికి పది గంటలు, నిజంగా పాతదైన చోటికి నాలుగు గంటలు ఇవ్వడంలో ఏదో తలకిందులైందని మాత్రం చెప్పక తప్పదు.

హుయే అనే పేరులోనే ఆ నేల చేతులు మారిన కథ ఉంది. నేటి మధ్య వియత్నాం ఒకప్పుడు చంపా రాజ్యం. సంస్కృత శాసనాలు వేయించి, ఇటుక గుళ్లలో శివుడిని కొలిచి, వర్మ అనే బిరుదుతో పేర్లు పెట్టుకున్న రాజులు ఏలిన దేశమది. ఉత్తరాన ఉన్న దాయ్ వియత్ రాజు తన చెల్లెలు హుయెన్ చాన్‌ను 1306లో చంపా రాజు మూడవ జయసింహవర్మకు ఇచ్చి వివాహం చేయగా, చంపా రాజు ఓ, లీ అనే రెండు సీమలను కన్యాశుల్కంగా అప్పగించాడు. పెళ్లయిన మరుసటి ఏడే జయసింహవర్మ మరణించడంతో రాకుమారిని వెనక్కి తెచ్చుకున్నారు గాని, సీమలను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ రెండింటికీ థువాన్, హోవా అని కొత్త పేర్లు పెట్టారు. ఆ హోవాయే జనం నోట నలిగి హుయే అయిందన్నది సాధారణంగా అంగీకరించే వివరణ. హాయ్ వాన్ కనుమకు దక్షిణంగా ఉన్న చంపా సీమకు అమరావతి అనే పేరుండేదన్న సంగతి తెలుగు యాత్రికుడి చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే ఆ ఒక్క పేరును పట్టుకొని, అక్కడివారంతా కృష్ణాతీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవారేనని బస్సులో మైకు పుచ్చుకొని ప్రకటించే ఉత్సాహాన్ని మీ టూర్ మేనేజర్లు కాస్త అదుపులో పెట్టుకోవాలి. పేరు ప్రయాణించిందనడం వేరు, జాతి ప్రయాణించిందనడం వేరు.

న్గుయెన్ వంశ స్థాపకుడైన గియా లాంగ్ 1802లో దేశాన్నంతటినీ ఒక్కటి చేసి, ఈ ఊరిని రాజధానిగా ఎంచుకొన్నాడు. ఆయన 1805లో మొదలుపెట్టిన కోట కొడుకు మిన్ మాంగ్ కాలంలో 1832లో పూర్తయింది. ఓరుగల్లు కోటను చూసినవారికి ఒక కోట లోపల మరొక కోట ఉండటం కొత్త కాదు. హుయేలోనూ మూడు ప్రాకారాలున్నాయి. వెలుపలిది సుమారు పది కిలోమీటర్ల చుట్టుకొలత గల కిన్ థాన్, అంటే రాజధాని కోట. దాని లోపలిది హోవాంగ్ థాన్, అంటే చక్రవర్తి నగరం. అన్నిటికీ నడుమ ఉన్నది తూ కామ్ థాన్, అంటే రాజకుటుంబానికీ, వారి పరిచారకులకూ తప్ప అన్యులకు ప్రవేశం లేని ఊదారంగు నగరం. వెలుపలి గోడను ఫ్రెంచి సైనిక ఇంజినీరు వోబాన్ పద్ధతిలో, అంటే ఫిరంగి గుండుకు ఎదురొడ్డేలా గోడ నుంచి కోణాకారపు బురుజులు ముందుకు పొడుచుకువచ్చే నక్షత్రపు కోటల తీరులో కట్టారు. కోట ఎక్కడ ఉండాలి, ఎటు చూడాలి అన్నది మాత్రం ఫెంగ్ షుయ్ నిర్ణయించింది. వాస్తు ప్రధానంగా దిక్కులనూ ఇంటి కొలతలనూ పట్టించుకుంటే, ఫెంగ్ షుయ్ కొండలనూ నీటినీ పట్టించుకుంటుంది. కోటకు ఎదురుగా, సుగంధ నదికి ఆవల, వంద మీటర్ల పైచిలుకు ఎత్తున పలకలా నిలిచిన న్గూ బిన్ కొండను చెడు గాలిని ఆపే తెరగా భావించారు. నదిలోని రెండు లంకల్లో ఒకటి ఎడమ పక్క కాపలా ఉండే నీలి నాగం, మరొకటి కుడి పక్క కాపలా ఉండే తెల్ల పులి. అంటే నదినీ కొండనూ లంకలనూ కలుపుకుంటేనే కోట పూర్తవుతుంది. గోడల మధ్య తిరిగి బయటపడినవారు అందులో సగమే చూసినట్టు. యునెస్కో 1993లో హుయేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; వియత్నాం నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి స్థలం ఇదే.

బృందాలు సాధారణంగా లోపలికి వెళ్లేది న్గో మోన్ ద్వారం గుండా. 1833లో కట్టిన ఈ ద్వారానికి ఐదు దారులుండగా, నడిమి దారి రాజుకొక్కడికే. అటూ ఇటూ ఉన్నవి అధికారులకు, చివరి రెండూ సైనికులకూ ఏనుగులకూ. ఈ ద్వారం మీది మండపంలోనే 1945 ఆగస్టు 30న చివరి చక్రవర్తి బావో దాయ్ రాజముద్రనూ ఖడ్గాన్నీ కొత్త ప్రభుత్వ ప్రతినిధులకు అప్పగించి సింహాసనం వదులుకున్నాడు. అక్కడి నుంచి కలువకొలను మీది వంతెన దాటితే థాయ్ హోవా కొలువుకూటం వస్తుంది. కొన్నేళ్ల మరమ్మతుల తరువాత 2024 నవంబరులో దాన్ని తిరిగి తెరిచారు. ఎర్ర లక్కపూత మీద బంగారు నాగాలు చుట్టుకొన్న స్తంభాల మధ్య ఫొటోలు దిగడంతో మీ బృందాల సమయం సగం కరిగిపోతుంది. ఆ తరువాత గైడు నేరుగా ఉత్తరానికి నడిపించి, తూర్పున ఉన్న హియెన్ న్యోన్ ద్వారం గుండా బయటకు తెచ్చి బస్సెక్కిస్తాడు. నడక తగ్గుతుంది కనుక ఆ దారిలో తప్పు పట్టడానికి లేదు. కాని హుయే మొత్తంలో తీరిక పెట్టుకొని చూడవలసిన వస్తువులు ఆ దారికి పూర్తిగా అవతల, నైరుతి మూలన, థే మియేవ్ అనే ఆలయం ముందు ఉన్నాయి.

థే మియేవ్ అంటే న్గుయెన్ రాజుల పితృదేవాలయం. దాని ముంగిట వరుసగా నిలిచిన తొమ్మిది కంచు పాత్రలను కూవ్ డిన్ అంటారు. డిన్ అంటే మూడు కాళ్లు, రెండు పిడులు గల పెద్ద గుండిగ. వంటకు కాక, రాజ్యాధికారానికి గుర్తుగా పోతపోసే ఇలాంటి పాత్రల సంప్రదాయం చీనా పురాగాథల నుంచి వచ్చింది. మిన్ మాంగ్ 1835లో పని మొదలుపెట్టించగా 1837లో ముగిసింది. ఒక్కొక్కటి మనిషి తలను మించిన ఎత్తులో, సుమారు రెండు నుంచి రెండున్నర టన్నుల బరువుతో ఉంటుంది. ఒక్కో పాత్ర మీద పదిహేడు బొమ్మల వంతున, పేర్ల అక్షరాలతో కలిపి, మొత్తం 162 ఉబ్బెత్తు చెక్కడాలున్నాయి. 2024లో వీటిని యునెస్కో ఆసియా పసిఫిక్ ప్రాంతపు ప్రపంచ స్మృతి పత్రాలలో చేర్చారు. అంటే ఇవి శిల్పాలుగా కాక, చదువుకోవలసిన పత్రాలుగా గుర్తింపు పొందాయి.

చదవడం అన్న మాటను ఇక్కడ అక్షరాలా తీసుకోవచ్చు. అన్నిటికంటె ఒక అడుగు ముందుకు జరిపి పెట్టిన నడిమి పాత్ర పేరు కావ్. దాని మీద సూర్యుడు, నాగం, పులి, తూర్పు సముద్రం, వరి, ఫిరంగి, ఓడ, దక్షిణాన కంబోడియా సరిహద్దు వెంట తవ్వించిన విన్ తే కాలువ ఉన్నాయి. వాటి నడుమ, గరుకు తోలుతో సహా, ఒక పనసకాయ ఉంది. బొమ్మ పక్కన చీనా లిపిలో 'బా లా మాత్' అని దాని పేరు రాసి ఉంటుంది. బౌద్ధ గ్రంథాలను చీనా భాషలోకి తెచ్చినవారు సంస్కృతపు 'పారమిత' అనే మాటను, అంటే అవతలి ఒడ్డు చేర్చే గుణం అనే అర్థాన్నిచ్చే మాటను, ఏ అక్షరాలతో రాశారో పనసకూ అవే అక్షరాలు. నాగార్జునకొండ నుంచీ అమరావతి నుంచీ బౌద్ధం సముద్రం దాటిన కథను బడిలో చదువుకున్న యాత్రికుడు ఆ కంచు పనసకాయ ముందు రెండు నిమిషాలు నిలబడితే, గైడు అరగంటసేపు చెప్పినా ఎక్కనిది దానంతటదే ఎక్కుతుంది. పక్కనున్న న్యోన్ అనే పాత్ర మీద చంద్రుడు, నెమలి, తామర, వాటితో పాటు ఈ నగరం ముందున్న న్గూ బిన్ కొండ, సుగంధ నది చెక్కి ఉన్నాయి. ఆకాశం, అడవి, పొలం, కూరగాయలు, రేవులు, కనుమలు, ఆయుధాలు అన్నీ చేరి, రాజ్యం తనను తాను లెక్క రాసుకున్న కంచు దస్తరంలా ఉంటుందా వరుస. ఆ దస్తరంలో రైతు పండించే ఉల్లికాడకూ చోటు దొరికింది గాని, యుద్ధ విజయాలకు దొరకకపోవడం గమనించదగినది.

పాత్రల పేర్లలో మరొక విశేషం ఉంది. ఒక్కొక్క పేరు ఒక్కొక్క రాజు మరణానంతరం ధరించే బిరుదు. కావ్ గియా లాంగ్‌ది. న్యోన్ మిన్ మాంగ్ తనకోసం నిర్ణయించుకొన్నది. మిగిలిన ఏడూ తన తరువాత వచ్చేవారికి, అప్పటికింకా పుట్టనివారికి కూడా, ముందుగానే పోయించి పెట్టినవి. గియా లాంగ్, మిన్ మాంగ్‌లతో కలిపి మొత్తం ఏడుగురు రాజుల దాకా పేర్లు సరిపోయాయి. చివరి రెండు పాత్రలైన జూ, హుయెన్‌లకు రాజులు దొరకలేదు. ఫ్రెంచివారిని ఎదిరించి పదవి పోగొట్టుకొని దేశాంతరం పంపబడిన ముగ్గురు రాజుల పీఠాలను 1959లో ఆలయం లోపల చేర్చినా, బయటి పాత్రల లెక్క మాత్రం మారలేదు.

మిన్ మాంగ్ హుయేలో ఏలుతున్న రోజుల్లోనే, 1830లో, మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో కాశీకి బయలుదేరి, 1831లో తిరిగి వచ్చాడన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. మజిలీ మజిలీకీ ఊరి చెరువు ఎలాంటిదో, సరుకులు ఏవి దొరుకుతాయో, దారి ఇసుకదో రాతిదో రాసిపెట్టుకొన్న ఆ మనిషి వారసులకు, ఒక రాజు తన దేశంలోని కాలువలనూ కాయగూరలనూ కంచులో రాయించిన చోటు పట్టకపోవడం ఏమిటి? ఇంతకూ వారికి పట్టకపోవడమేమీ కాదు. బస్సు అటు పోకపోవడం తప్ప.

కోట లోపల ఖాళీ స్థలాలు చాలా కనిపిస్తాయి. పునాది రాళ్లు, గడ్డి, అక్కడక్కడ ఒంటరిగా నిలిచిన గోడ చూసి 'ఇక్కడేమీ లేదు' అని యాత్రికులు ముందుకు కదులుతారు. ఆ ఖాళీకి తేదీలున్నాయన్నది గైడు చేత చెప్పించవలసిన మాట. 1885 జులై 5న, ఫ్రెంచి సేనపై రాజోద్యోగులు రాత్రివేళ జరిపిన దాడి విఫలం కాగా, తెల్లవారేసరికి ఫ్రెంచివారు కోటలో చొరబడి చంపి, తగలబెట్టి, దోచుకున్నారు. ఫ్రెంచి పద్ధతిలో కట్టిన కోట ఫ్రెంచివారినే ఆపలేకపోవడం ఒక వింత. ఆ రాత్రి చనిపోయినవారి కోసం హుయే ప్రజలు నేటికీ చాంద్రమానం ఐదవ నెల ఇరవైమూడవ రోజు ప్రాంతంలో వీధుల్లో, ఇళ్ల ముందర బల్లలు వేసి అన్నం, పండ్లు, ధూపం పెడతారు. ఊరంతా కలిసి పెట్టే తద్దినమన్నమాట. తరువాత 1947లో, ఫ్రెంచివారితో యుద్ధం మొదలైన శీతకాలంలో, రాజు రోజువారీ పరిపాలన సాగించిన కాన్ చాన్ భవనం కాలిపోయింది. 1968 జనవరి 31న, చాంద్రమాన నూతన సంవత్సరం వేళ, ఉత్తరాది సేనలూ విప్లవకారులూ నగరాన్ని పట్టుకోగా, దాన్ని తిరిగి గెలవడానికి అమెరికా, దక్షిణ వియత్నాం సేనలకు నెలరోజుల దగ్గర పట్టింది. ఫిరంగులకూ బాంబులకూ రాజనగరం చాలావరకు నేలమట్టమైంది, నగరం పట్టుబడి ఉన్న వారాల్లో చంపి పాతిపెట్టిన పౌరుల సామూహిక గోతులు తరువాత బయటపడ్డాయి. ఇంత దుఃఖం సెలవుల్లో వచ్చినవారికి ఎందుకన్న వాదన ఉంది. కాని ఇది చెప్పకుండా ఆ గడ్డిని చూపిస్తే, అది ఉత్త గడ్డే.

ఇక సమాధులు. న్గుయెన్ రాజులు బతికుండగానే తమ సమాధులను తోటలుగా, కొలనులుగా, విహారాలుగా కట్టించుకునేవారు. నగరానికి దక్షిణాన, నది వెంట కొండల్లో అవి చెదురుగా ఉన్నాయి. పట్టికల్లో ఎక్కువగా చోటు దక్కేది ఖాయ్ డిన్ సమాధికి. 1920లో మొదలై 1931లో పూర్తయిన ఆ కట్టడంలో సిమెంటు నాగాలు, పగిలిన పింగాణీ, గాజుముక్కలతో గోడలంతటా పొదిగిన పూలు కళ్లు చెదరగొడతాయి. వంద మెట్లకు పైగా ఎక్కించి, ఒకే గదిలో అంతా చూపించి దించవచ్చు కనుక అది గైడులకూ సౌకర్యం. దాని కోసం రాజు రైతుల మీద 30 శాతం అదనపు పన్ను వేయించాడని కూడా చెబితే బాగుంటుంది. ఒక్క సమాధికే సమయం ఉన్నప్పుడు మాత్రం ఈ లేఖ ఓటు తూ డుక్ సమాధికే.

1847 నుంచి 1883 వరకు ఏలిన తూ డుక్ చదువరి, కవి. చిన్నతనంలో మశూచి సోకినవాడు. వందకు పైగా రాణులున్నా పిల్లలు లేనివాడు. తన ఏలుబడిలోనే దక్షిణ దేశాన్ని ముక్క ముక్కగా ఫ్రెంచివారికి వదులుకోవలసి వచ్చినవాడు. 1864 నుంచి 1867 దాకా కట్టించుకొన్న ఈ తోటకు ఖియెమ్, అంటే వినయం అని పేరు పెట్టి, అందులోని యాభై దాకా ఉన్న కట్టడాలన్నిటి పేర్లలోనూ ఆ మాటనే చేర్పించాడు. ఆ వినయం వెనుక మరొక కథ ఉంది: వెట్టిచాకిరికి విసిగిన కూలీలు 1866లో సున్నం దంచే రోకళ్లు పట్టుకొని తిరగబడ్డారు, తిరుగుబాటు అణగిన తరువాతే, అంతవరకు పదివేల ఏళ్లన్న అర్థంలో ఉన్న పేరు మార్చి, వినయమనే పేరు పెట్టారు. చిన్న కొలను మీదికి వంగిన చెక్క మండపంలో రాజు పద్యాలు రాసుకొనేవాడు. పైన ఒక మండపంలో సుమారు ఇరవై టన్నుల శిలాఫలకం ఉంది. రాజు గుణగణాలను కొడుకు రాయించడం ఆచారం. కొడుకు లేడు కనుక తూ డుక్ తానే దాదాపు ఐదు వేల అక్షరాల్లో తన కథ రాసుకొని, దేశం పోగొట్టిన తప్పును తన మీదే వేసుకొన్నాడు. ఓడిన రాజు తన తప్పుల పట్టికను తన సమాధి ముందే నిలబెట్టుకోవడం ఎక్కడోగాని జరగదు. ఇంత వస్తువు కళ్ల ముందుండగా, రాజును రహస్యంగా పాతిపెట్టిన రెండువందల మంది సేవకుల తలలు నరికించారన్న కట్టుకథనే గైడులు పదే పదే చెబుతారు. బస్సులో కునుకు తీస్తున్నవారిని లేపడానికి అది పనికివస్తుంది కాబోలు.

నది మీద ఒక పూట గడపవలసిందని చెప్పడానికి నాగం తలకాయ తగిలించిన పడవలు కారణం కాదు. నగరం నుంచి పడమరగా, ప్రవాహానికి ఎదురు వెళ్తే మొదట థియెన్ మూ పగోడా వస్తుంది. 1601లో స్థాపించిన ఆ విహారం ముందు 1844లో కట్టిన ఏడంతస్తుల, ఎనిమిది పలకల గోపురం నిలిచి ఉంటుంది. వెనుక తోటలోని ఒక కొట్టంలో నీలిరంగు ఆస్టిన్ కారు ఉంది. 1963 మేలో బుద్ధజయంతి నాడు బౌద్ధ పతాకాలు ఎగరవేయరాదన్న ఆంక్షపై హుయేలో నిరసన రేగి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వరుసలోనే జూన్ 11న సైగాన్ కూడలిలో థిక్ క్వాంగ్ డుక్ అనే వృద్ధ భిక్షువు నిప్పంటించుకొని ప్రాణత్యాగం చేశారు. ఆయనను అక్కడికి చేర్చిన కారే ఇది. ఇంకా పైకి వెళ్తే ఎడమగట్టున, ఏటవాలు కొండను ఆనుకొని, హోన్ చెన్ గుడి మెట్లు నేరుగా నీటిలోకి దిగుతాయి. ఆ గుడిలో కొలిచే థియెన్ యీ ఆ నా అనే అమ్మవారు చంపా ప్రజల పో నగర్. న్యా చాంగ్‌లోని ఆమె పాత ఆలయ శాసనాల్లో సంస్కృతంలో ఆమెను భగవతి అన్నారు. దేశం గెలుచుకొన్నవారు ఓడినవారి దేవతను వదల్లేదు. 1885లో రాజైన డోంగ్ ఖాన్ ఆమె భక్తుడై గుడిని పెంచాడు. కొలువు పెట్టినప్పుడు భక్తుల ఒంటి మీదికి అమ్మవారు వస్తుందనే నమ్మిక అక్కడ ఉంది. పూనకాలను ఎరిగిన పల్లెల నుంచి వెళ్లినవారికి ఈ సంగతి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

భోజనం గురించి మీరు పడే ఆందోళన తెలియనిది కాదు. ప్రతి కూరలోనూ చేపల రసం పడే దేశంలో శాకాహారులకు ఏం పెట్టాలన్నది నిజమైన సమస్యే. కాని హుయే బౌద్ధ విహారాల ఊరు. 'చాయ్' అని తేలికగా పలికే ఒక్క మాట బోర్డు మీద కనిపిస్తే అది పూర్తి శాకాహారమే. చాంద్రమాసంలో మొదటి రోజునా, పదిహేనవ రోజైన పున్నమినాడూ అక్కడి ఇళ్లలో చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజుల్లో చాయ్ అంగళ్లు కిక్కిరుస్తాయి. పచ్చళ్ల డబ్బాలు వెంట ఉంచుకొన్నా, ఒక్క పూట అక్కడ తినిపించి చూడండి. అసలు ఇబ్బంది భోజనంతో కాదు, ఋతువుతో. మీ బృందాలు ఎక్కువగా కదిలేది పిల్లల బడి సెలవుల్లో: దసరాకు, లేదా ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా. హుయేలో అక్టోబరు, నవంబరులు కుండపోత వానలకూ నది పొంగులకూ పెట్టింది పేరు. 1999 నవంబరు వరదను ఆ ఊరు ఇప్పటికీ మరవలేదు. మే, జూన్‌లలోని ఎండ మన గుంటూరు ఎండకు తీసిపోదు. సంక్రాంతి తరువాత, అక్కడి నూతన సంవత్సరపు వారాన్ని తప్పించి, ఫిబ్రవరి మార్చి నెలల్లో కదిలే బృందాలకు కోట ఆవరణ నడవదగ్గదిగా ఉంటుంది. వేసవిలోనే వెళ్లక తప్పనివారికి ఉదయం ఏడుకూ సాయంత్రం నాలుగుకూ నడకలు పెట్టి, మధ్యాహ్నం గదుల్లో ఉంచడం మేలు. ఒక రాత్రి బస చేస్తే తప్ప ఆ వెసులుబాటు దొరకదు.

పట్టిక ఇలా ఉండవచ్చు. మొదటి రోజు ఉదయం డా నాంగ్ నుంచి బస్సుకు బదులు రైలు. ఆ దారి కొండకూ సముద్రానికీ మధ్య సన్నని అంచు మీద, కనుమ చుట్టూ మెలికలు తిరుగుతుంది. మూడు గంటలు పట్టినా ఎవరూ ఫోను చూడరు. మధ్యాహ్నం విశ్రాంతి, మూడింటికి న్గో మోన్ గుండా ప్రవేశించి, కొలువుకూటం చూసి, ముందుకు పోకుండా ఎడమకు తిరిగి థే మియేవ్ దగ్గర ఒక గంట. రెండవ రోజు ఉదయం చల్లవేళ తూ డుక్ తోట, తరువాత పడవ మీద హోన్ చెన్, థియెన్ మూ. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం రోడ్డు మీదే గాని, సొరంగం గుండా కాక, పాత కనుమ దారిన.

ఆ దారి శిఖరం దగ్గర, సుమారు ఐదు వందల మీటర్ల ఎత్తున, మిన్ మాంగ్ 1826లో కట్టించిన హాయ్ వాన్ ద్వారం మరమ్మతుల తరువాత 2024లో తిరిగి తెరుచుకుంది. ఉత్తరాన ఒకప్పటి ఓ, లీ సీమలు, దక్షిణాన ఒకప్పటి అమరావతి. ముందురోజు థే మియేవ్ ముంగిట చూసిన తొమ్మిది పాత్రల్లో రాజు దొరకని జూ పాత్ర మీద చెక్కినది ఈ ద్వారాన్నే. బస్సును అక్కడ పావుగంట ఆపమని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచండి. మంచు కమ్మి ఏమీ కనిపించని రోజులు కూడా ఉంటాయి.